టీకా వద్దనేవారి మాటలో ఏముంటుంది: మలెనాడు కోతి జ్వరం అనుభవం

భద్రాచలం వైపు ఒక ఆరోగ్య ఉప కేంద్రంలో పనిచేస్తున్న మీరు అడిగిన ప్రశ్న ఇది: కొత్త కొత్త జ్వరాల గురించి జనం భయంగానే మాట్లాడుకుంటున్నారు, కానీ టీకా అనగానే అదే జనం వెనకాడుతున్నారు; దీనికి కారణం చదువు లేకపోవడమా, మూఢనమ్మకమా, రేపు మరో కొత్త వ్యాధికి టీకా వస్తే వీరిని ఎలా ఒప్పించాలి? కమ్యూనిటీ మెడిసిన్‌లో, ముఖ్యంగా అంటువ్యాధుల నిఘాలో చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. టీకా వద్దనేవారిలో ఎక్కువమంది ఏదో ఒక లెక్క వేసుకునే వద్దంటారు. ఆ లెక్కలో తప్పులు ఉండవచ్చు, కానీ అందులోని అంకెలు చాలావరకు వైద్య శాఖ వారికి చూపించినవే. కాబట్టి ఎలా ఒప్పించాలి అన్న ప్రశ్న కంటే ముందు, వారు ఏం లెక్క వేసుకున్నారో తెలుసుకోవడం అవసరం.

ఈ సంగతిని కోవిడ్‌తో మొదలుపెట్టను. దాని చుట్టూ ఉన్న భయమూ రాజకీయమూ ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. దానికంటే చాలా చిన్నదీ, మనకు పొరుగునే ఉన్నదీ అయిన కోతి జ్వరాన్ని తీసుకుంటాను. కర్ణాటక మలెనాడులో దీన్ని మంగన కాయిలె అంటారు. వైద్య గ్రంథాల్లో దీని పేరు క్యాసనూర్ అటవీ వ్యాధి, పొట్టిగా కేఎఫ్‌డీ. ఒకే ప్రాంతంలో, ఒకే వ్యాధికి, ఒకే టీకాను ముప్పై ఏళ్లకు పైగా వాడిన సందర్భం ఇది. టీకా పట్ల జనం మనసు ఎప్పుడు ఎలా మారుతుందో నేర్చుకోవడానికి మన దేశంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

1957లో అప్పటి మైసూరు రాష్ట్రం, శివమొగ్గ జిల్లా, సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతున్నాయని, చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు తీవ్రమైన జ్వరాలు వస్తున్నాయని కబురు వచ్చింది. కోతులు చనిపోవడం, మనుషులు జ్వరపడటం ఒకేసారి జరిగితే శాస్త్రవేత్తలకు మొదట తట్టేది ఎల్లో ఫీవర్. అది ఆసియాలో అడుగుపెట్టిందేమోనన్న ఆందోళనతో పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం, అంటే నేటి జాతీయ వైరాలజీ సంస్థ, రంగంలోకి దిగింది. చివరకు తేలింది వేరే వైరస్. రష్యా అడవుల్లో పిడుదుల ద్వారా వ్యాపించి మెదడువాపు తెచ్చే వైరస్‌కు ఇది దగ్గరి బంధువు.

ఇక్కడ కూడా వ్యాధిని మోసేది పిడుదే. అడవిలోని ఎలుకజాతి జంతువులు, పిడుదులు, కోతుల మధ్య వైరస్ తిరుగుతూ ఉంటుంది. వైరస్ సోకిన కొండముచ్చు గానీ కోతి గానీ చనిపోగానే, దాని ఒంటిని పట్టుకున్న పిడుదులు నేల మీదికి రాలి మరో ప్రాణి కోసం వేచి ఉంటాయి. ఆ దారిన వెళ్లిన మనిషిని అవే కుడతాయి. పశువులకు జబ్బు రాదు, కానీ ఎదిగిన పిడుదులు వాటి రక్తంతోనే సంతతిని పెంచుకుంటాయి కనుక, అడవి అంచున మేత సాగే కొద్దీ పిడుదులు పెరుగుతాయి. పిల్ల పిడుదులు ఎక్కువగా ఉండే డిసెంబరు నుంచి మే వరకు కేసులు వస్తాయి. హఠాత్తుగా తీవ్ర జ్వరం, తలనొప్పి, భరించలేని ఒళ్లునొప్పులు, వాంతులు, కొందరిలో ముక్కు నుంచీ చిగుళ్ల నుంచీ రక్తం, మరికొందరిలో ఒకటి రెండు వారాల విరామం తర్వాత మళ్లీ జ్వరంతో పాటు మెదడుకు సంబంధించిన లక్షణాలు కనిపిస్తాయి. సోకిన ప్రతి వందమందిలో ముగ్గురు నుంచి ఐదుగురు చనిపోతారు. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. మనిషి నుంచి మనిషికి మాత్రం ఇది అంటదు.

జబ్బు ఎవరికి వస్తుందో గమనించండి. పోకతోటల్లో కూలికి వెళ్లేవారికి, తోటకు ఎరువుగా వేయడానికి అడవిలో ఎండుటాకులు పోగుచేసేవారికి, వంటచెరకు తెచ్చుకునేవారికి, పశువుల కాపరులకు వస్తుంది. అడవికి వెళ్లవద్దు అన్న సలహా వీరికి పని మానేయమని చెప్పడంతో సమానం. అడవిని నరికిన చోట వ్యాధి పెచ్చుమీరిన సందర్భాలూ ఉన్నాయి. దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి ప్రాంతంలో జీడిమామిడి తోటల కోసం అడవి కొట్టిన తర్వాత 1982-83లో వచ్చిన విజృంభణ వాటిలో పెద్దది. చాలాకాలం శివమొగ్గ చుట్టూనే ఉన్న ఈ జబ్బు 2012 తర్వాత బందీపుర, నీలగిరులు, వయనాడు, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ్ వరకు కనబడింది. కొత్తగా తలెత్తే వ్యాధి అన్నప్పుడు మన మనసుకు వచ్చేది విమానంలో దిగే వైరస్ గానీ, మన దేశంలో ఇలాంటి వ్యాధులు ఎక్కువగా పుట్టేది అడవికీ పొలానికీ మధ్య సరిహద్దు చెదిరిన చోటనే.

ఇక టీకా విషయం. మొదట రష్యా మెదడువాపు వ్యాధి టీకానే ఇక్కడ వేసి చూశారు; అది రక్షణ ఇవ్వలేదు. తర్వాత ఇక్కడి వైరస్‌నే కోడిపిల్ల పిండపు కణాల్లో పెంచి, ఫార్మలిన్‌తో నిర్జీవం చేసి టీకా తయారుచేశారు. 1990-92 మధ్య జరిగిన క్షేత్ర పరిశీలనలో ఒక డోసుకు సుమారు 79 శాతం, రెండు డోసులకు 93 శాతానికి పైగా రక్షణ కనిపించింది. ఎవరైనా సంతోషించే ఫలితం అది. దాని ఆధారంగానే కర్ణాటక ప్రభుత్వం దాన్ని పెద్ద ఎత్తున వాడింది. ఆరేడేళ్ల పిల్లల నుంచి 65 ఏళ్ల వారి వరకు నెల వ్యవధిలో రెండు డోసులు, ఆరు నుంచి తొమ్మిది నెలలకు ఒక బూస్టరు, ఆ తర్వాత ఏటా ఒకటి చొప్పున వరుసగా కొన్నేళ్లు వేయించుకోవాలని నియమం పెట్టారు.

కాలం గడిచేకొద్దీ వేయించుకునేవారు తగ్గారు. మొదటి డోసుకు వచ్చినవారిలో చాలామంది రెండోదానికి రాలేదు. బూస్టరుకు వచ్చినవారు ఇంకా తక్కువ. అధికారిక నివేదికల్లో దీనికి సాధారణంగా రాసే కారణం అవగాహన లోపం. ఆ మాటను మీరు రోజూ వింటూనే ఉంటారు. నాకు ఆ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే అది రాసిన తర్వాత ఇక వెతకవలసింది ఏమీ మిగలదు.

టీకా వేస్తున్న ఆ రోజుల్లో ఆ పల్లెల్లోని ఒక కూలీ ముందున్న లెక్క చూడండి. సూది వేసిన చోట నొప్పి ఎక్కువ. ఈ టీకాను కాదన్నవారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే. చెయ్యి ఎత్తలేని రోజు కూలి పోతుంది. అలాంటిది తొలి ఏడాదిలోనే రెండు మూడుసార్లు, ఆ తర్వాత ఏటా భరించాలి. అన్నీ వేయించుకున్నా ఊళ్లో టీకా పొందినవారికే జ్వరం వచ్చిన సంగతి కళ్లముందు ఉంటుంది. మరోవైపు ఈ జబ్బు ఒక ఏడాది ఒక ఊరిలో, మరో ఏడాది ఇంకెక్కడో తలెత్తుతుంది. వరుసగా నాలుగేళ్లు సూది వేయించుకున్నవారి ఊళ్లో ఆ నాలుగేళ్లూ ఒక్క కోతి కూడా చనిపోకపోవచ్చు. పైగా చాలా చోట్ల టీకా బృందం వచ్చేది చుట్టుపక్కల కోతి చనిపోయిందనో, ఎవరికో జ్వరం నిర్ధారణ అయిందనో తెలిసిన తర్వాత. ఆ స్థలం చుట్టూ ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్లకు టీకా వేసేవారు. నెల వ్యవధిలో రెండు డోసులు పడితే గాని తగిన రక్షణ వచ్చేది కాదు. అప్పటికి ఆ ఏటి జ్వరాల కాలం సగం గడిచిపోయేది.

ఇన్ని కలిపి చూసుకుని వద్దనుకున్న మనిషిని మూర్ఖుడని ఎలా అంటాం? 2005 నుంచి 2010 వరకు శివమొగ్గ జిల్లా కేసులను విశ్లేషించిన పరిశోధనలో రెండు డోసుల రక్షణ 62 శాతం, బూస్టరు కూడా పడితే 83 శాతం దగ్గర తేలింది. 62 శాతం అంటే, టీకా లేకపోతే వందమంది జబ్బుపడే చోట, అందరూ రెండు డోసులు వేయించుకున్నా 38 మంది జబ్బుపడతారు. తప్పించుకున్న 62 మంది ఎవరి కంటికీ కనిపించరు; ఆ 38 మంది మాత్రం ఊరందరికీ తెలిసినవారే. టీకా వేయించుకున్నా జ్వరం వస్తోందని పల్లెలో అనుకునే మాటలో నిజం ఉంది. అయినా ఆ టీకా ఎంతోమందిని కాపాడిందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పగలిగినవారు ఆ గడప దగ్గర లేకపోవడమే అసలు లోటు.

2018-19 కాలంలో సాగర తాలూకా అరళగోడు ప్రాంతంలో వ్యాధి తీవ్రంగా విజృంభించి పలువురు చనిపోయారు. అప్పటివరకు ఆసక్తి చూపని ఊళ్లే టీకా కోసం అడిగాయి. మనుషుల చదువు ఆ కొద్ది నెలల్లో మారలేదు. లెక్కలో ప్రమాదం వైపున్న అంకె మారింది, అంతే. ఆ తర్వాత జరిగింది నన్ను ఎక్కువగా బాధపెట్టిన భాగం. టీకా శక్తి చాలడం లేదన్న నిర్ధారణతో 2022లో దాని వాడకమే ఆపేశారు. 2024 తొలి నెలల్లో మళ్లీ మరణాలు సంభవించినప్పుడు ఆ పల్లెల వారికి ఇవ్వడానికి టీకా లేదు. పిడుదులు దరిచేరకుండా ఒంటికి రాసుకునే డీఈపీఏ నూనె, జాగ్రత్తలు మాత్రమే మిగిలాయి. జనం వద్దంటున్నారని ఇన్నేళ్లు రాసుకున్న వ్యవస్థ, ఎందుకు వద్దంటున్నారని తొందరగా అడిగి ఉంటే, టీకా బలహీనపడిన సంగతి ముందే బయటపడి, మెరుగైన టీకా పని పదేళ్ల ముందే మొదలయ్యేదని నేను అనుకుంటాను. ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థ కలిసి కొత్త టీకా మీద పనిచేస్తున్నాయి.

మీరు పనిచేసే ప్రాంతానికి ఈ విషయంలో సొంత చరిత్ర ఒకటి ఉంది. అది తెలియకుండా అక్కడ టీకా గురించి మాట్లాడటం కష్టం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక పరిశీలనలో భాగంగా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. పురుగుమందు, నీట మునగడం, పాముకాటు, మలేరియా వంటివి ఆ మరణాలకు కారణాలని, టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ సంఘం తేల్చింది. వైద్యపరంగా ఆ నిర్ణయం సరైనదని నేనూ నమ్ముతాను.

కానీ అదే విచారణ మరో విషయాన్నీ బయటపెట్టింది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తమను అడగకుండా తమ కూతురికి సూది వేశారని తెలిసిన తండ్రికి, టీకాకూ మరణానికీ సంబంధం లేదన్న నివేదిక ఏం ఊరట ఇస్తుంది? ఆనాడు సూది వేయించుకున్న ఆ బాలికలే ఇవాళ మీ కేంద్రానికి బిడ్డలను ఎత్తుకొచ్చే తల్లులు. వారిలో ఎవరైనా, ఇది దేనికి, ఎవరు పంపారు అని అడిగితే విసుక్కోకండి. అది అడగవలసిన ప్రశ్నే. ఇదే హెచ్‌పీవీ టీకాను 2018లో సిక్కిం రాష్ట్రం పాఠశాలల ద్వారానే వేసినప్పుడు, ముందుగా ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, విలేకరులతో మాట్లాడి, ఆ తర్వాతే మొదలుపెట్టింది. అర్హులైన బాలికల్లో 97 శాతం వేయించుకున్నారు. గిరిజన జనాభా అక్కడా ఉంది, పేదరికం అక్కడా ఉంది. అడిగిన తీరు వేరు.

కోవిడ్ గురించి కొంత చెప్పక తప్పదు. 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చినప్పుడు, దాని మూడో దశ ప్రయోగాల సామర్థ్య ఫలితాలు ఇంకా వెలువడలేదు. హైదరాబాదులో తయారైన టీకా అన్న గర్వం మనవారికి ఉన్నా, తొలి వారాల్లో వెనకాడినవారిలో వైద్యులూ నర్సులూ కూడా ఉన్నారు. వారికి చదువు లేదనలేం. ఫలితాలు ఏవి అని వారు అడిగారు. దేశభక్తితో, ధీమాతో జవాబు వచ్చింది. ఆ మార్చి 3న 81 శాతం సామర్థ్యమంటూ మధ్యంతర ఫలితం, నవంబరులో 77.8 శాతంతో తుది ఫలితం ప్రచురితమయ్యాయి. అలా అడిగినవారికి, రెండు నెలలు ఆగండి, అంకెలు రాగానే చూపిస్తామని సూటిగా చెప్పి ఉంటే సరిపోయేది. ఏప్రిల్, మే నెలల్లో రెండో ఉద్ధృతి వచ్చాక టీకా కేంద్రాల ముందు వరుసలు కట్టించినది భయం. భయం తగ్గగానే ఆ వరుసలూ కరిగిపోయాయి. 2022 జులై నుంచి 75 రోజులు ముందుజాగ్రత్త డోసును, అంటే మూడో డోసును, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చినా జనం పెద్దగా ముందుకు రాలేదు. అరళగోడులో కనిపించినదే దేశమంతటా కనిపించింది. భయపెట్టి వేయించిన టీకా ఆ ఒక్క డోసుకే పనికొస్తుంది, మరుసటి డోసుకు మళ్లీ భయపెట్టవలసి వస్తుంది. అందుకే ప్రచారంలో భయాన్ని ముందుపెట్టడానికి నేను వ్యతిరేకిని.

పూర్తిగా అబద్ధాల మీద నిలిచే నిరాకరణ లేదని నేను అనడం లేదు. టీకాతో పిల్లలు పుట్టరన్న వదంతి పోలియో కాలం నుంచి ఉంది. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు అది వాట్సాప్‌లో దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగింది. అలాంటి మాటకు సూటిగా, తొందరగా, ఊరివారు నమ్మే మనిషి నోటితో జవాబు చెప్పాలి. అయితే వదంతి ఏ ఇంట్లో నిలుస్తుందో చూడండి. అంతకుముందే ఒక ప్రశ్నకు జవాబు దొరకని ఇంట్లో నిలుస్తుంది.

ఇప్పుడు మీ పని దగ్గరికి వస్తాను. ఎవరైనా వద్దంటే, ఎందుకు అని ఒక్కసారి అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. ఆ కారణాన్ని వారి మాటల్లోనే రిజిస్టరులో రాయండి. నిరాకరించారు అన్న ఒక్క ముక్క ఎవరికీ ఉపయోగపడదు. క్రితంసారి జ్వరం వచ్చింది, కూలి పోయింది, మగమనిషి ఊళ్లో లేడు, పెద్దామె వద్దంది, కార్డు పోయింది: ఒక్కోదానికి పరిష్కారం ఒక్కోలా ఉంటుంది, కొన్నింటికి మాటలతో పనే లేదు. పత్తి తీతల కాలంలో పగలు పదింటికి శిబిరం పెడితే తల్లులు రారు. అది టీకా మీద వ్యతిరేకత కాదు, శిబిరం వేళ మార్చాలి.

టీకా ఎంతవరకు కాపాడుతుందో, ఎంతవరకు కాపాడలేదో వేయకముందే చెప్పండి. పసిపిల్లలకు ఐదు వ్యాధుల నుంచి రక్షణకు వేసే పెంటావలెంట్ టీకా వేసిన రాత్రి జ్వరం రావచ్చని, తొడ వాయవచ్చని ముందే తెలిసిన తల్లి అది వచ్చినప్పుడు కంగారుపడదు. చెప్పకుండా వేస్తే ఆ జ్వరమే మీ మీద సాక్ష్యమవుతుంది. ఏ టీకా వేశారు, ఏం జరగవచ్చు, జరిగితే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు ఎందుకు దాచుకోవాలి అన్నవి అరగంట కూర్చోబెట్టే సమయంలోనే చెప్పవచ్చు. మరుసటి రోజు ఆశా కార్యకర్త ఆ ఇంటికి ఒకసారి వెళ్లాలి. టీకా వేసేటప్పుడు వచ్చి, జ్వరం వచ్చినప్పుడు కనబడనివారిని ఏ తల్లీ నమ్మదు. ఆ ఒక్క సందర్శనకు ఉన్న విలువ గోడమీద రాసే నినాదాలన్నిటికీ లేదు.

తీవ్రమైన ఘటన ఏదైనా జరిగితే, అది టీకా వల్ల కాదని మీకు గట్టిగా అనిపించినా సరే, 24 గంటల్లోగా మీ వైద్యాధికారి ద్వారా జిల్లా టీకాల అధికారికి చేరేలా నమోదు చేయండి. మీ మీదికి వస్తుందన్న భయంతో దాచవద్దు. ఆ తర్వాత చాలామంది మరచిపోయే పని ఒకటి ఉంది: విచారణలో ఏం తేలిందో ఆ కుటుంబానికి వెళ్లి చెప్పడం. జిల్లా కమిటీ నిర్ణయం ఫైలులోకి చేరుతుంది గాని ఆ గుమ్మం దాకా రాదు. నెలలు పట్టినా అడిగి తెలుసుకుని, సర్పంచినో, ఊరిపెద్దనో వెంటబెట్టుకుని, మీరే వెళ్లి చెప్పండి. తేలిన కారణం వారికి నచ్చకపోవచ్చు, కోప్పడవచ్చు. అయినా వెళ్లండి, ఎందుకంటే వచ్చే ఏడాది ఆ వాడకు కొత్త టీకా పెట్టె మోసుకెళ్లేది కూడా మీరే.